సైనికాధికారి – ప్రజాప్రతినిధి: కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల అనుభవం (1948–2022)

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• సైనికాధికారి నియామకం ద్వారా పాలకుడు కావడానికీ, ఎన్నిక ద్వారా ప్రజాప్రతినిధి కావడానికీ మధ్య గల తేడాను వివరించగలరు.
• 1948–49 నాటి సైనిక పాలన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో తెచ్చిన మార్పులను, దాని పరిమితులను అంచనా వేయగలరు.
• సైన్యం నుంచి రాజకీయాల్లోకి వచ్చిన వారి విషయంలో భారత రాజ్యాంగం, చట్టాలు ఏం చెబుతున్నాయో గుర్తించగలరు.
• కెప్టెన్ వి. లక్ష్మీకాంతరావు రాజకీయ జీవితాన్ని ఉదాహరణగా తీసుకొని చర్చించగలరు.

1. ప్రవేశిక

“ఈ రాజకీయ నాయకులతో లాభం లేదు, ఓ ఐదేళ్లు మిలిటరీ వాళ్ల చేతికి ఇస్తే అన్నీ దారికొస్తాయి.” ఈ మాట మీరు బస్సులోనో, టీ కొట్టు దగ్గరో, ఇంట్లో వార్తలు చూస్తున్నప్పుడో విని ఉంటారు. మీలో కొందరు అని కూడా ఉంటారు. ఈ మాట వెనుక కోపం ఉంది, ఆశ కూడా ఉంది. క్రమశిక్షణ, నిజాయితీ, వేగం అనే మూడు గుణాలను ప్రజలు సైన్యంలో చూస్తారు. అవే రాజకీయాల్లో కనిపించడం లేదని బాధపడతారు.

చరిత్ర విద్యార్థిగా మీరు ఈ మాటను వెంటనే ఒప్పుకోనక్కర లేదు, కొట్టిపారేయనక్కరా లేదు. దీన్ని ఒక ప్రశ్నగా మార్చుకోండి. సైనికుడు పాలనలోకి వచ్చినప్పుడు నిజంగా ఏం జరిగింది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి దూరదేశాలకు పోనవసరం లేదు. ఉత్తర తెలంగాణలోని కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలే రెండు రకాల అనుభవాలను చూశాయి. ఒకటి, 1948 సెప్టెంబరు నుంచి 1949 చివరిదాకా సాగిన సైనిక గవర్నరు పాలన. రెండోది, సైన్యం విడిచిన ఒక కెప్టెన్ ఇదే ప్రాంతంలో ఓట్లడిగి శాసనసభకు, మంత్రివర్గానికి, చివరికి రాజ్యసభకు చేరిన ప్రయాణం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటమే ఈ పాఠం ఉద్దేశం.

(ఇక్కడ కరీంనగర్, ఆదిలాబాద్ అన్నప్పుడు 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందున్న ఉమ్మడి జిల్లాలుగా అర్థం చేసుకోండి.)

2. నియామకంతో వచ్చిన సైనికుడు: 1948–49

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. మరుసటి రోజు సంస్థాన సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, భారత సేనలకు నాయకత్వం వహించిన మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఎదుట లాంఛనంగా లొంగిపోయాడు. దీన్నే మనం ‘పోలీసు చర్య’ అంటాం. చర్య జరిపింది సైన్యమే అయినా ఆ పేరు ఎందుకు పెట్టారో ఆలోచించండి. దీన్ని రెండు దేశాల మధ్య యుద్ధంగా కాక, దేశం లోపలి శాంతిభద్రతల వ్యవహారంగా చూపాలని ప్రభుత్వం భావించింది.

ఆ తరువాత చౌధురి సైనిక గవర్నరుగా నియమితుడయ్యాడు. నిజాం తన పదవిలోనే ఉన్నాడు. అయితే పాలనాధికారం మాత్రం ఫర్మానా ద్వారా సైనిక గవర్నరు చేతికి వచ్చింది. ఐ.సి.ఎస్. అధికారి డి.ఎస్. బఖ్లే ముఖ్య పౌర పాలకుడుగా పనిచేశాడు. శాసనసభ లేదు. కొత్త చట్టం కావాలంటే ‘రెగ్యులేషన్’ పేరుతో ఒక ఉత్తర్వు వస్తే చాలు.

2.1 వేగం వల్ల కలిగిన ప్రయోజనం

ఈ పాలన చేసిన పనులను తక్కువగా చూడకూడదు. సంస్థానం భూమిలో దాదాపు 60 శాతం మాత్రమే నేరుగా ప్రభుత్వం కింద ఉండేది. దాన్ని దివానీ లేదా ఖాల్సా అనేవారు. మిగతాది జాగీర్లు, నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫేఖాస్ భూములు. జాగీర్లలో పన్ను వసూలు జాగీర్దారు హక్కు. చాలా చోట్ల పోలీసు, న్యాయ అధికారాలు కూడా అతనివే.

1949 ఫిబ్రవరిలో సర్ఫేఖాస్ దివానీలో కలిసింది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. తరాల తరబడి కదలని వ్యవస్థ ఏడాదిలోపే చట్టం దృష్టిలో లేకుండా పోయింది. ఎన్నికైన శాసనసభలు ఉన్న ఇతర రాష్ట్రాల్లో జమీందారీ రద్దు బిల్లులు సంవత్సరాల పాటు సభల్లోనూ కోర్టుల్లోనూ నలిగాయి. ఆ తేడా మీరు గమనించాలి.

ఆదిలాబాద్ జిల్లాకు సంబంధించి మరొక ముఖ్యమైన చట్టం కూడా ఈ కాలానిదే. 1940లో కుమ్రం భీం జోడేఘాట్ వద్ద నిజాం పోలీసుల కాల్పుల్లో మరణించిన తరువాత, గోండుల పరిస్థితిని అధ్యయనం చేయడానికి మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను ప్రభుత్వం నియమించింది. ఆ కృషి ఫలితంగా 1356 ఫస్లీలో (1946) గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. దాని స్థానంలో 1359 ఫస్లీలో (1949) కొత్త రెగ్యులేషన్ వెలువడింది. గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక పాలన ఉండాలన్నదే దాని సారం.

2.2 వేగం దాటలేని హద్దులు

ఇప్పుడు నాణేనికి రెండోవైపు చూద్దాం. జాగీర్ల రద్దు జాగీర్దారుల పన్ను హక్కును తీసివేసింది, అందుకు వారికి పరిహారం కూడా ఏర్పాటైంది. కాని దివానీ ప్రాంతాల్లో వేల ఎకరాలను పట్టా భూములుగా పెట్టుకున్న దేశ్‌ముఖ్‌లు, దొరల మీద దాని ప్రభావం లేదు. తెలంగాణ రైతు పోరాటం ప్రధానంగా వీరి మీదనే జరిగిందని మీకు తెలుసు. కౌలుదార్ల రక్షణకు చట్టం సైనిక పాలన ముగిసిన తరువాత 1950లో వచ్చింది. ఊళ్లో ప్రభుత్వం అంటే కనిపించే పటేల్, పట్వారీ వ్యవస్థ అలాగే ఉండిపోయింది. అది రద్దు కావడానికి 1984 దాకా ఆగవలసి వచ్చింది. అంటే పైనుంచి వచ్చిన ఉత్తర్వు పై మెట్టును కదిలించింది, కింది మెట్టును తాకలేదు.

పోరాటం సాగుతున్న గ్రామాల్లో సైన్యం మరో పాత్రలో కనిపించింది. 1948 మార్చి 14న, అంటే పోలీసు చర్యకు ఆరు నెలల ముందు, హుస్నాబాద్ దగ్గరి మహమ్మదాపూర్ గుట్టల్లో నిజాం బలగాల కాల్పుల్లో అనభేరి ప్రభాకర్‌రావు, ఆయన సహచరులు మరణించారు. నిజాం పాలన పోతే ఈ వెతలు పోతాయని ఆశించిన పల్లెలు, సెప్టెంబరు తరువాత కూడా గాలింపులు, అరెస్టులు, నిర్బంధ శిబిరాలు చూశాయి. కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబరులో.

మరొక విషాదం ఉంది. పోలీసు చర్య సమయంలోనూ ఆ వెంటనేనూ సంస్థానంలో ముస్లింల మీద పెద్ద ఎత్తున హింస జరిగింది. భారత ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 27 వేల నుంచి 40 వేల మంది వరకు ప్రాణాలు కోల్పోయి ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయని చెప్పింది. నాందేడ్ ఆదిలాబాద్‌కు పొరుగు జిల్లా అని మ్యాపులో చూడండి. ఆ నివేదికను అప్పట్లో ప్రచురించలేదు, దశాబ్దాల పాటు అది బయటికి రాలేదు. సభలో లేచి ‘ఆ నివేదిక ఏమైంది?’ అని అడగడానికి అప్పుడు సభే లేదు. ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. ఈ పాఠంలో మనం చేసే వాదనకు ఇదే ఇరుసు.

ఉద్యోగాల విషయం కూడా ఇలాంటిదే. పాలన నడపడానికి మద్రాసు తదితర పొరుగు రాష్ట్రాల నుంచి అధికారులను, సిబ్బందిని తెచ్చారు. ఆ సమయానికి అవసరం అనిపించింది. కాని స్థానికుల్లో అసంతృప్తి పెరిగింది. అదే 1952 సెప్టెంబరులో ముల్కీ ఉద్యమంగా హైదరాబాద్ నగర వీధుల్లోకి వచ్చింది, సిటీ కాలేజీ దగ్గర కాల్పులకు దారితీసింది. ఓటు లేని కాలంలో తీసుకున్న నిర్ణయానికి బదులు, ఓటు వచ్చిన తరువాత ఎన్నికైన ప్రభుత్వం చెప్పుకోవలసి వచ్చింది.

2.3 ప్రజల తీర్పు

చౌధురి పాలన 1949 చివరికి ముగిసింది. పౌర అధికారి ఎం.కె. వెల్లోడి ప్రభుత్వ బాధ్యతలు తీసుకున్నాడు. చౌధురి తిరిగి సైన్యంలోకి వెళ్లి, 1962లో సైన్యాధిపతి అయ్యాడు, పదవీ విరమణ తరువాత కెనడాలో భారత హైకమిషనరుగా పనిచేశాడు. ఒక సంస్థానాన్ని ఏడాదికి పైగా ఏలిన ఈ సైనికుడు ఎన్నికల్లో నిలబడలేదు. అధికారాన్ని అప్పగించి బ్యారక్‌కు తిరిగి వెళ్లడం చిన్న విషయం కాదు. సరిగ్గా తొమ్మిదేళ్ల తరువాత, 1958లో, పాకిస్తాన్‌లో జనరల్ అయూబ్ ఖాన్ అధికారం చేపట్టి పదేళ్లకు పైగా దిగలేదు. రెండు సైన్యాలూ ఒకే బ్రిటిష్ ఇండియా సైన్యం నుంచి పుట్టినవే. కాబట్టి తేడా సైనికుల గుణంలో మాత్రమే వెతికితే దొరకదు. వారి చుట్టూ ఉన్న రాజకీయ వ్యవస్థలో వెతకాలి.

1952 మొదటి సాధారణ ఎన్నికల్లో హైదరాబాద్ శాసనసభలోని 175 స్థానాల్లో కాంగ్రెస్ 93 గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. కాని మన రెండు జిల్లాల లోక్‌సభ ఫలితాలు చూడండి. కరీంనగర్ నుంచి పి.డి.ఎఫ్. అభ్యర్థి బద్దం ఎల్లారెడ్డి గెలిచారు. ఆయన అనభేరి ప్రభాకర్‌రావుకు సహచరుడు. ఆదిలాబాద్ నుంచి సోషలిస్టు పార్టీ అభ్యర్థి సి. మాధవరెడ్డి గెలిచారు. ఈ ఫలితాలకు కారణాలు అనేకం. వీటిని సైనిక పాలన మీద తీర్పుగా మాత్రమే చదవడం తొందరపాటు అవుతుంది. అయినా ఒక విషయం స్పష్టం. తమను ఎవరు పాలించాలో చెప్పే అవకాశం మొదటిసారి వచ్చినప్పుడు, ఈ ప్రాంత ప్రజలు ఢిల్లీలో అధికారంలో ఉన్న పార్టీకి ఊరికే తలూపలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
జాగీర్ల రద్దు ఎవరి హక్కులను తొలగించింది? ఎవరి ఆధిపత్యాన్ని తాకలేదు? ఐదు వాక్యాల్లో రాయండి.

3. యూనిఫాంకు, ఓటుకు మధ్య గీత

రెండో రకం అనుభవంలోకి వెళ్లేముందు చట్టం గీసిన గీతను తెలుసుకోవాలి. మీలో కొందరు మాజీ సైనికులే కావచ్చు, మీకు ఇది స్వానుభవం.

రాజ్యాంగం 53వ అధికరణం ప్రకారం రక్షణ బలగాల సర్వోన్నత అధికారం రాష్ట్రపతిది. ఆ అధికారాన్ని చట్టప్రకారమే వినియోగించాలి. 33వ అధికరణం సైనికుల విషయంలో ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. 1954 సైన్య నియమాల్లోని 20వ నియమం ప్రకారం సర్వీసులో ఉన్న సైనికుడు రాజకీయ సభల్లో పాల్గొనరాదు, రాజకీయ సంస్థలో చేరరాదు, చందా ఇవ్వరాదు, అభ్యర్థిగా ప్రకటించుకోరాదు. కాని ఓటు హక్కు మాత్రం ఉంది. దూరాన విధుల్లో ఉన్న సైనికుడు ‘సర్వీసు ఓటరు’గా తపాలా ద్వారా ఓటు వేయవచ్చు. 2003 నుంచి తన తరఫున ఓటు వేయడానికి సొంత ఊళ్లో ఒకరిని నియమించుకునే వీలు కూడా కలిగింది. అంటే సైనికుడు పౌరుడే, కాని రాజకీయ కార్యకర్త కాకూడదు.

యూనిఫాం విడిచిన రోజు ఈ గీత చెరిగిపోతుంది. అప్పుడు మిగిలేది పేరు ముందున్న హోదా. 18వ అధికరణం రాజ్యం బిరుదులు ఇవ్వరాదని చెబుతూనే రెండు మినహాయింపులు ఇచ్చింది: సైనిక హోదాలు, విద్యా సంబంధ హోదాలు. అందువల్లనే రాజా, నవాబు, రావుబహద్దూరు పోయినా ‘కెప్టెన్’, ‘డాక్టర్’ మన ఫ్లెక్సీల మీద నిలిచాయి.

పేరు ముందు ‘కెప్టెన్’ ఉన్న రాజకీయ నాయకులు ఒక తరంలో ఎక్కువగా కనిపించడానికి చారిత్రక కారణం ఉంది. 1962 చైనా యుద్ధం తరువాత సైన్యాన్ని వేగంగా విస్తరించారు. చదువుకున్న యువకులను ‘అత్యవసర కమిషన్’ కింద తక్కువ కాలానికి అధికారులుగా తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది కొన్నేళ్లకే కెప్టెన్ స్థాయిలో బయటికి వచ్చారు. అప్పటికి వారి వయసు ముప్పై లోపే. ముందు జీవితమంతా ఉంది.

నగర పాలనలో ఒక ఆసక్తికరమైన మినహాయింపు ఉంది. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో పౌర సౌకర్యాలు చూసేది కంటోన్మెంట్ బోర్డు. 2006 కంటోన్మెంట్ల చట్టం ప్రకారం అందులో ఎన్నికైన సభ్యులు ఉంటారు, కాని అధ్యక్షుడు మాత్రం అక్కడి సైనిక స్టేషన్ కమాండరు. నల్లా నీరు, రోడ్డు, ఇంటి పన్ను వంటి విషయాల మీద సర్వీసులో ఉన్న అధికారి, ఓట్లతో గెలిచినవారు ఒకే బల్ల చుట్టూ కూర్చునే చోటు ఇది. ఆయనకు అధ్యక్ష స్థానం హోదాతో వచ్చింది, సభ్యులకు సీటు వార్డు నుంచి వచ్చింది. నియామకం, ఎన్నిక అనే రెండు పద్ధతులూ ఒకే బోర్డులో కనిపిస్తాయి.

4. ఓటుతో వచ్చిన సైనికుడు: కెప్టెన్ లక్ష్మీకాంతరావు

కెప్టెన్ వొడితెల లక్ష్మీకాంతరావు కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ దగ్గరి సింగాపూర్‌కు చెందినవారు. సైన్యంలో పనిచేసి కెప్టెన్ హోదాతో వచ్చారు. ఆయన కుటుంబానికి ఆ ప్రాంతంలో ముందునుంచీ పలుకుబడి ఉంది. వరంగల్‌లోని కాకతీయ సాంకేతిక విద్యా సంస్థ నిర్వహణలో కూడా ఆయనది ముఖ్య పాత్ర. ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. ఓటరు ‘కెప్టెన్’ అనే మాటకు ఓటు వేశాడా, కుటుంబానికా, కళాశాలకా, పార్టీకా అని వేరుచేసి తూచే తరాజు చరిత్రకారుని దగ్గర లేదు. సైనిక హోదా ఒక్కటే ఆయనను గెలిపించిందని చెప్పడం కష్టం. హోదా పరిచయం చేస్తుంది. గెలిపించడానికి ఇంకా చాలా కావాలి.

ఆయన పైకి వచ్చిన కాలం మలిదశ తెలంగాణ ఉద్యమం. 2001లో తెలంగాణ రాష్ట్ర సమితి ఏర్పడింది. 2004 ఎన్నికల్లో కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుని ఆ పార్టీ 26 శాసనసభ స్థానాలు, 5 లోక్‌సభ స్థానాలు గెలిచింది. హుజూరాబాద్ నుంచి గెలిచిన లక్ష్మీకాంతరావు, వై.ఎస్. రాజశేఖరరెడ్డి మంత్రివర్గంలో చేరిన ఆరుగురు తె.రా.స. మంత్రుల్లో ఒకరు అయ్యారు. 2005 జూలైలో ఆ ఆరుగురూ మంత్రివర్గం నుంచి వైదొలగారు.

2008 మార్చిలో, తెలంగాణ రాష్ట్రం విషయంలో కేంద్రం కదలడం లేదని తె.రా.స. శాసనసభ్యులు 16 మంది, లోక్‌సభ సభ్యులు నలుగురు రాజీనామా చేసి మళ్లీ ప్రజల ముందుకు వెళ్లారు. మే నెలాఖరున ఉప ఎన్నికలు జరిగాయి. 16 శాసనసభ స్థానాల్లో 7, నాలుగు లోక్‌సభ స్థానాల్లో 2 మాత్రమే ఆ పార్టీకి తిరిగి దక్కాయి. 2006 డిసెంబరు ఉప ఎన్నికలో కరీంనగర్ లోక్‌సభ స్థానంలో 2 లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచిన కె. చంద్రశేఖరరావుకు ఈసారి వచ్చిన ఆధిక్యం సుమారు 15 వేలే. హుజూరాబాద్‌లో లక్ష్మీకాంతరావు నిలిచి గెలిచారు.

4.1 రాజీనామా అనే ఆయుధం

ఈ ఘట్టాన్ని సైనిక జీవితంతో పోల్చి చూడండి. సైన్యంలో ఆజ్ఞ నచ్చకపోతే అధికారి ఒక్కడుగా రాజీనామా ఇవ్వవచ్చు, దాన్ని ఆమోదించడం ప్రభుత్వం ఇష్టం. కాని పదహారు మంది కలిసి ‘మేం ఈ ఆజ్ఞను పాటించం’ అంటే దాన్ని తిరుగుబాటు అంటారు, కోర్టు మార్షల్ అవుతుంది. రాజకీయాల్లో పదహారు మంది కలిసి రాజీనామా చేస్తే అది చట్టబద్ధమైన నిరసన. అది మంచి ఎత్తుగడో కాదో ఓటరు తేలుస్తాడు. 2008లో ఓటరు సగానికి పైగా స్థానాల్లో ‘కాదు’ అన్నాడు, కొన్నిచోట్ల ‘అవును’ అన్నాడు. ఒకే మాటతో వెళ్లిన ఒకే పార్టీ వారికి వేరు వేరు ఊళ్లలో వేరు వేరు జవాబులు వచ్చాయి. ఉత్తర్వుతో నడిచే పాలనలో ఇలాంటి జవాబుకు చోటు లేదు.

సైన్యం నుంచి వచ్చినవారు కొత్తగా నేర్చుకోవలసింది ఇదే. అక్కడ కింది వాళ్లు సెల్యూట్ చేస్తారు. ఇక్కడ పెన్షన్ రాని అవ్వ గల్లా పట్టి అడుగుతుంది. అక్కడ మాట ఒకవైపు నుంచే ప్రయాణిస్తుంది. ఇక్కడ అటూ ఇటూ ప్రయాణిస్తుంది, ఆలస్యమవుతుంది, చిక్కుపడుతుంది. ఆ ఆలస్యంలోనే ప్రశ్నకు సమయం దొరుకుతుంది.

4.2 జాతీయ స్థాయికి

నియోజకవర్గాల పునర్విభజనతో 2009లో ఈ ప్రాంతపు పటం మారింది. కమలాపూర్ నియోజకవర్గం రద్దయింది. అక్కడి శాసనసభ్యుడు ఈటల రాజేందర్ హుజూరాబాద్‌కు వచ్చారు. 2014, 2018 ఎన్నికల్లో లక్ష్మీకాంతరావు కుమారుడు సతీష్‌కుమార్ హుస్నాబాద్ నుంచి గెలిచారు. లక్ష్మీకాంతరావు 2016 జూన్‌లో తెలంగాణ నుంచి రాజ్యసభకు ఏకగ్రీవంగా ఎన్నికై, 2022 జూన్ దాకా సభ్యుడుగా ఉన్నారు.

రాజ్యసభ ఎన్నిక నేరుగా ప్రజలు వేసే ఓటుతో జరగదు. 80వ అధికరణం ప్రకారం శాసనసభ్యులు ఓటు వేస్తారు. కాబట్టి ఇక్కడ పార్టీ నిర్ణయమే ప్రధానం. పార్టీ అభ్యర్థిగా రాజ్యసభకు వెళ్లడం ఒక కోణంలో నియామకానికి దగ్గరగా ఉంటుంది. అయితే ఆ పంపే శాసనసభ్యులు ప్రజల ఓటుతో వచ్చినవారు. ఓటు దూరమైంది గాని తెగిపోలేదు.

5. పోలిక: తెలంగాణలోనూ దేశంలోనూ

ఒక్క ఉదాహరణతో సూత్రం చేయడం చరిత్రకారులకు తగదు. కరీంనగర్ దాటి నల్గొండ వైపు చూద్దాం. ఎన్. ఉత్తమ్‌కుమార్‌రెడ్డి వైమానిక దళంలో మిగ్ యుద్ధ విమానాల పైలట్‌గా, తరువాత రాష్ట్రపతి భవన్‌లో అధికారిగా పనిచేశారు. 1994లో కోదాడలో తొలి పోటీలోనే ఓడిపోయారు. 1999, 2004లో అక్కడి నుంచే గెలిచారు. తరువాత హుజూర్‌నగర్ నుంచి వరుసగా గెలిచి, 2019లో నల్గొండ లోక్‌సభ సభ్యుడయ్యారు, 2023 డిసెంబరులో రాష్ట్ర మంత్రి అయ్యారు. 1994 నాటి ఓటమిని గమనించండి. యుద్ధ విమానం నడిపిన అనుభవం, రాష్ట్రపతి భవన్ పరిచయాలు ఉన్నా ఓటరు వెంటనే తలుపు తీయలేదు. ఐదేళ్లు ఆగమన్నాడు.

దేశంలో చూస్తే, వైమానిక దళ పైలట్‌గా పనిచేసిన సురేష్ కల్మాడీ పుణె నగర రాజకీయాల్లో స్థిరపడి లోక్‌సభకు వెళ్లారు. 1960లలో సైన్యంలో పనిచేసిన కెప్టెన్ అమరీందర్ సింగ్ పంజాబ్‌కు రెండుసార్లు ముఖ్యమంత్రి అయ్యారు. మేజర్ జనరల్ బి.సి. ఖండూరీ ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రిగా పనిచేశారు. సైన్యాధిపతిగా 2012లో విరమణ చేసిన జనరల్ వి.కె. సింగ్ 2014లో ఘాజియాబాద్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. వీరు వేరు వేరు పార్టీలవారు, వేరు వేరు భావాలవారు. ఒకరి పాలన మరొకరి పాలనలా లేదు. కాబట్టి ‘సైనికుడు వస్తే ఇలా పాలిస్తాడు’ అని చెప్పడానికి ఆధారం లేదు. వీరందరిలో ఉమ్మడిగా ఉన్నది ఒకటే: యూనిఫాం విడిచి, ఓటు అడిగి, ఓడే ప్రమాదాన్ని ఒప్పుకున్నారు.

ఈ ప్రమాదాన్ని ఒప్పుకోకుండా సైన్యం గౌరవాన్ని మాత్రం వాడుకోవాలని పార్టీలు చూసినప్పుడు ఎన్నికల సంఘం అడ్డుచెప్పింది. ప్రచారంలో సైనికుల ఫోటోలు వాడవద్దని 2013లో సూచించింది, 2019 మార్చిలో మళ్లీ గుర్తుచేసింది. సైన్యం అందరిది, అందుకే ఏ ఒక్క పార్టీ గోడ మీదా దాని బొమ్మ ఉండకూడదని దీని భావం.

6. ఆదిలాబాద్ చెప్పే పాఠం

ఇప్పుడు మళ్లీ ఆదిలాబాద్‌కు వద్దాం, ఎందుకంటే అసలు పరీక్ష అక్కడ ఉంది. సైనిక పాలన కాలంలో వచ్చిన గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ మంచి చట్టం. మరి ఆ చట్టం ఉండగానే గోండు, కొలాం కుటుంబాల భూములు గిరిజనేతరుల చేతుల్లోకి ఎందుకు పోయాయి? 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణకు వర్తింపజేయవలసి వచ్చింది, 1970లో మరింత కఠినం చేయవలసి వచ్చింది. అయినా భూసమస్య తీరలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గిరిజనుల మీద పోలీసులు కాల్పులు జరిపారు.

దీని నుంచి మనం రెండు విషయాలు గ్రహించాలి. మొదటిది: పైనుంచి వేగంగా వచ్చిన మంచి చట్టాన్ని కింద కాపాడే బలం, అంటే తెలిసిన ప్రజలు, అడిగే ప్రతినిధి, పనిచేసే కార్యాలయం లేకపోతే అది కాగితం మీదే ఉండిపోతుంది. రెండోది: ఇంద్రవెల్లి నాటికి రాష్ట్రంలో ఉన్నది ఎన్నికైన ప్రభుత్వమే. ఓటు ఉన్నంత మాత్రాన న్యాయం జరుగుతుందని అనుకోవడం కూడా అమాయకత్వమే. మనం సైనిక పాలనను ఎంత కఠినంగా పరీక్షించామో, పౌర పాలనను కూడా అంత కఠినంగానే పరీక్షించాలి. అయితే తేడా ఒకటి ఉంది. ఇంద్రవెల్లిని గురించి సభలో అడగవచ్చు, పత్రికల్లో రాయవచ్చు, తరువాతి ఎన్నికలో గుర్తుచేయవచ్చు. సుందర్‌లాల్ నివేదిక విషయంలో ఆనాడు ఇవేవీ సాధ్యం కాలేదు.

7. సారాంశం

ప్రవేశికలో వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకుందాం. సైనిక గవర్నరు పాలన కొన్ని పనులను ఆశ్చర్యకరమైన వేగంతో చేసింది. అదే వేగం కొన్ని తప్పులను ప్రశ్నించకుండా దాటిపోయేలా చేసింది. ఆ తప్పుల బాకీని ముల్కీ ఉద్యమం నుంచి ఇంద్రవెల్లి దాకా తరువాతి తరాలు తీర్చవలసి వచ్చింది. ఓటుతో వచ్చిన సైనికుడు ఒంటరిగా అంత వేగంగా ఏమీ చేయలేడు. పార్టీ, మంత్రివర్గం, ఓటరు అనే మూడు కళ్లాలు ఆయనకున్నాయి. కాని ఆయనను ప్రశ్నించవచ్చు, దించవచ్చు, మళ్లీ ఎన్నుకోవచ్చు.

కాబట్టి ‘మిలిటరీ వాళ్ల చేతికి ఇస్తే’ అనే మాట విన్నప్పుడు, మీరు ఒక ఎదురు ప్రశ్న వేయండి: ఇచ్చిన తరువాత తిరిగి ఎలా తీసుకుంటాం? సైనికులు రాజకీయాల్లోకి రావడంలో తప్పు లేదు. రావలసిన తలుపు ఏదన్నదే అసలు విషయం. క్రమశిక్షణ, నిజాయితీ సైనికుని సొత్తు మాత్రమే కావు. అవి కావాలంటే అడగవలసిందీ, కనిపెట్టుకుని ఉండవలసిందీ ఓటరే.

8. నమూనా పరీక్షా ప్రశ్నలు

అ. వ్యాసరూప ప్రశ్నలు
1. 1948–49 సైనిక పాలన ఉత్తర తెలంగాణలో తెచ్చిన మార్పులను, వాటి పరిమితులను చర్చించండి.
2. నియామకం ద్వారా వచ్చే అధికారానికీ ఎన్నిక ద్వారా వచ్చే అధికారానికీ గల తేడాను ఉదాహరణలతో వివరించండి.

ఆ. సంక్షిప్త ప్రశ్నలు
1. రాజ్యాంగం 18వ అధికరణం సైనిక హోదాలకు ఇచ్చిన మినహాయింపు ఏమిటి?
2. సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డు నిర్మాణంలోని ప్రత్యేకత ఏమిటి?
3. 2008 ఉప ఎన్నికల ఫలితాలు ఏం సూచించాయి?

ఇ. చేసి చూడండి
మీ ఊళ్లోనో, మండలంలోనో ఉన్న మాజీ సైనికుల్లో సర్పంచిగా గాని, వార్డు సభ్యుడుగా గాని పోటీచేసినవారు ఉన్నారేమో తెలుసుకోండి. ఉంటే వారితో మాట్లాడండి. సైన్యంలో నేర్చుకున్నవాటిలో ఏవి ఊళ్లో పనికొచ్చాయి, ఏవి పనికిరాలేదు అని అడిగి రెండు పేజీల్లో రాయండి. గెలిచినవారినే కాక, ఓడినవారిని కూడా అడగండి.